నాచు డీజిల్‌ పచ్చదనం ఎంత?

2007లో న్యూజిలాండ్‌లోని మాసీ యూనివర్సిటీ ప్రొఫెసర్‌ యూసుఫ్‌ చిస్తీ ఒక పరిశోధనా వ్యాసంలో చిన్న పట్టిక వేశారు. ఏ పంట హెక్టారుకు ఏడాదికి ఎన్ని లీటర్ల నూనె ఇస్తుందన్నది అందులో ఉంది. మొక్కజొన్న 172, సోయాబీన్‌ 446, జట్రోఫా 1,892, ఆయిల్‌పామ్‌ 5,950. అడుగున సూక్ష్మ నాచు: ఒంట్లో 30 శాతం నూనె ఉంటే 58,700 లీటర్లు, 70 శాతం ఉంటే 1,36,900 లీటర్లు! ఆ తర్వాత చాలా ఏళ్లపాటు నాచు డీజిల్‌ గురించి ఎవరు మాట్లాడినా ఈ అంకెలు ఎత్తకుండా ఉండలేదు. సాగుభూమి అడగదు, ఉప్పు నీళ్లయినా సరే, పైగా కార్బన్‌ డయాక్సైడ్‌ తిని బతుకుతుంది. ఇంకేం కావాలి?

డబ్బు కూడా అదే ఊపులో వచ్చింది. 2009లో అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్‌, జన్యు శాస్త్రవేత్త క్రెయిగ్‌ వెంటర్‌ కంపెనీ సింథటిక్‌ జీనోమిక్స్‌తో కలిసి 60 కోట్ల డాలర్ల దాకా పెడతానంది. మరో చమురు కంపెనీ షెల్‌ హవాయిలో ఇంకో ప్రాజెక్టులో చేరింది. షెల్‌ 2011లో తప్పుకుంది. ఎక్సాన్‌ కూడా 2023 నాటికి చేతులు దులుపుకుంది. గిట్టుబాటు కాలేదు కాబట్టి వదిలేశారని చాలామంది అనుకుంటారు. అది నిజమే కానీ సగం నిజం. ధరలు ఇవాళ కాకపోతే రేపు తగ్గుతాయి, సోలార్‌ ప్యానెళ్ల విషయంలో అదే జరిగింది. నాచుకు వచ్చిన అసలు చిక్కు నీళ్లు, ఎరువు, కరెంటు దగ్గర ఉంది. డబ్బు పోసినా అది అంత తేలిగ్గా కదలదు.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. క్లోరెల్లా, నానోక్లోరాప్సిస్‌ లాంటి సూక్ష్మ నాచులు కంటికి కనబడనంత చిన్నవి, కొన్ని మైక్రాన్ల సైజు. వీటిని అడుగు లోతు కూడా లేని, రేసు ట్రాక్‌ ఆకారంలో ఉండే చెరువుల్లో పెంచుతారు. నీళ్లు నిలవకుండా ప్యాడిల్‌ చక్రం మెల్లగా తిప్పుతుంటుంది. ఎదిగిన నాచును నీళ్ల నుంచి వేరుచేసి, నూనె తీసి, దాన్ని మిథనాల్‌తో, కాస్టిక్‌ సోడా లాంటి ఉత్ప్రేరకంతో చర్య జరిపిస్తే బయోడీజిల్‌, గ్లిజరిన్‌ వస్తాయి. ఈ ఆఖరి అంకం పాతదే. కానుగ నూనెకైనా, హోటల్లో వాడేసిన నూనెకైనా ఇదే పద్ధతి. గొడవంతా దాని ముందు మెట్లలోనే.

ఆ పట్టికలోని అంకెలను వెనక్కి లెక్కేస్తే చదరపు మీటరుకు రోజుకు దాదాపు 47 గ్రాముల ఎండు నాచు, ఏడాది పొడవునా, ఒక్క రోజు తప్పకుండా రావాలి. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 దాకా సుమారు రెండున్నర కోట్ల డాలర్లతో ఇదే పని మీద ఒక కార్యక్రమం నడిపింది. మూడు వేల రకాల నాచులను సేకరించింది. న్యూమెక్సికోలోని రాస్‌వెల్‌ దగ్గర వెయ్యి చదరపు మీటర్ల చెరువులు తవ్వి పెంచి చూసింది. రాత్రి చలి దెబ్బకు అక్కడ సగటున వచ్చింది రోజుకు 10 గ్రాముల ప్రాంతంలోనే. మంచి రోజున ఇంతకు రెండు మూడు రెట్లు కూడా వచ్చింది. కానీ లెక్క సగటుతోనే కట్టాలి.

ఇంకో తిరకాసు నూనె శాతంలో ఉంది. నాచుకు నత్రజని పుష్కలంగా పెడితే చకచకా పెరుగుతుంది, నూనె మాత్రం పెద్దగా పట్టదు. నత్రజని ఆపేస్తే కరువు వచ్చిందనుకుని కొవ్వు దాచుకోవడం మొదలుపెడుతుంది, కానీ ఎదుగుదల కుంటుపడుతుంది. ఎదుగుదలా, నూనే రెండూ ఒకేసారి కావాలనడం కుదరదు. పట్టికలో మాత్రం 30 శాతం నూనెకూ 70 శాతం నూనెకూ ఒకే ఎదుగుదల వేసుకున్నారు. ఎక్సాన్‌ బృందం 2017లో నానోక్లోరాప్సిస్‌లో ఒక జన్యువును సవరించి, ఎదుగుదల పెద్దగా తగ్గకుండానే నూనెను 20 శాతం నుంచి 40 శాతం పైకి తీసుకెళ్లామని ప్రకటించడం అందుకే అంత పెద్ద వార్త అయింది. మంచి సైన్సే, కాదనను. అయితే అది ల్యాబు మాట.

కొంచెం ఉదారంగానే పోదాం. చదరపు మీటరుకు రోజుకు 15 గ్రాములు, ఏడాదికి 330 పని దినాలు, 25 శాతం నూనె అనుకుందాం. హెక్టారుకు 14 వేల లీటర్ల చుట్టూ వస్తుంది. పట్టికలో చెప్పినదాంట్లో నాలుగో వంతు. అయినా ఆయిల్‌పామ్‌కు రెట్టింపు పైనే, అదీ చవుడు నేలలో. కాబట్టి భూమి విషయంలో నాచు గొప్పదనం అబద్ధం కాదు. సుస్థిరతకు భూమి ఒక్కటే కొలబద్ద అయితే ఈ వ్యాసం ఇక్కడితో ముగించొచ్చు.

ఒక్క లీటరు నాచు డీజిల్‌ను పట్టుకుని వెనక్కి నడుద్దాం. లీటరు బయోడీజిల్‌ బరువు 880 గ్రాములు. 25 శాతం నూనె చొప్పున దానికి మూడున్నర కిలోల ఎండు నాచు కావాలి. చెరువులో నాచు లీటరు నీళ్లకు అర గ్రాము ఉంటుంది. అంటే 15 లీటర్ల బిందెడు నీళ్లు ముంచితే అందులో రెండు చెంచాల పసుపంత నాచు. ఆ లెక్కన మూడున్నర కిలోలు రావాలంటే 7,000 లీటర్ల నీళ్లు వడపోయాలి. ఒక్క లీటరు డీజిల్‌ కోసం వాటర్‌ ట్యాంకరు నిండా నీళ్లన్నమాట.

ఆ నీళ్లు పోవు, మళ్లీ చెరువులోకే వెళ్తాయి. కానీ వాటిలోంచి నాచును వేరు చేయడానికి శక్తి కావాలి. కణం మరీ చిన్నది, సాంద్రత నీళ్లకు దగ్గర, కాబట్టి తనంతట తాను అడుక్కి దిగదు. నేరుగా సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిరగిరా తిప్పి నీళ్లనూ నాచునూ విడదీసే యంత్రంలో తిప్పితే వెయ్యి లీటర్లకు ఒక యూనిట్‌ కరెంటు, ఒక్కోసారి అంతకన్నా చాలా ఎక్కువ ఖర్చవుతుంది. 7,000 లీటర్లకు ఏడు యూనిట్లు. మన దేశంలో కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి ఒక్కో యూనిట్‌ వెనుక 0.7 కిలోల పైచిలుకు కార్బన్‌ డయాక్సైడ్‌ ఉంటుంది. మామూలు డీజిల్‌ లీటరు కాలిస్తే వచ్చేది 2.7 కిలోలు. అంటే లీటరు నాచు డీజిల్‌ తయారీలో గ్రిడ్‌ కరెంటు నాలుగు యూనిట్లు దాటిందంటే, ఆ కరెంటు పొగ ఒక్కటే బంకులో కొట్టించుకున్న డీజిల్‌ పొగను మించిపోతుంది. ఏడు యూనిట్ల మాట ఇక చెప్పనక్కర్లేదు.

అందుకే ఎవరూ నేరుగా సెంట్రిఫ్యూజ్‌కు పోరు. ముందు పటిక లాంటిది కలిపి కణాలను ముద్దలు కట్టించి, అడుగుకు దింపి, లేదా గాలి బుడగలతో పైకి తేల్చి, నీటిని కొంత వదిలించుకుని, అప్పుడు తిప్పుతారు. దాంతో ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ పటికలోని అల్యూమినియం నాచులోనే ఉండిపోతుంది, నూనె తీశాక మిగిలిన పిండి పశువులకు పెట్టడానికి పనికిరాకుండా పోతుంది. ఒక చోట ఆదా చేస్తే ఇంకో చోట తేలుతుంది. నాచు కథలో ఇది పదేపదే ఎదురవుతుంది.

తిప్పాక వచ్చేది పొడి అనుకుంటే పొరపాటే. అది చిక్కటి ఆకుపచ్చ ముద్ద, అందులో ఇంకా 80 శాతం నీళ్లే. మన మూడున్నర కిలోల నాచుతో పాటు 14 కిలోల నీళ్లు. కిలో నీటిని ఆవిరి చేయడానికి ప్రకృతి నియమం ప్రకారమే 2.26 మెగాజౌళ్లు కావాలి. అంటే ముద్దను ఎండబెట్టడానికి కనీసం 31 మెగాజౌళ్లు. డ్రయ్యర్లో వృథా పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. లీటరు బయోడీజిల్‌లో ఉండే శక్తి ఎంతనుకున్నారు? 33 మెగాజౌళ్లు. గ్యాస్‌ మీదో బొగ్గు మీదో ఎండబెట్టి తీసిన నాచు నూనె ఇంధనం కిందకే రాదు. ఎండలో ఆరబెడితే ఈ ఖర్చు పోతుంది, మనకు ఎండకు కొదవా? కానీ వందల టన్నులు ఆరేయడానికి కళ్లాలు కావాలి, వానాకాలం ఉంటుంది, పైగా ఆరేలోపు నూనె పాడవుతుంది.

దీన్నుంచి బయటపడటానికే తడి ముద్దను అలాగే 300 నుంచి 350 డిగ్రీల వేడి, విపరీతమైన ఒత్తిడి కింద పెట్టి ముడి చమురు లాంటి ద్రవంగా మార్చే హైడ్రోథర్మల్‌ పద్ధతి వచ్చింది. నీళ్లు ఆవిరవ్వక్కర్లేదు, వేడిని చాలావరకు తిరిగి రాబట్టొచ్చు, నూనె ఒక్కటే కాదు, మాంసకృత్తులు కూడా చమురుగా మారతాయి. దానివల్లే ఆ చమురులో నత్రజని ఎక్కువై, హైడ్రోజన్‌తో శుద్ధి చేయాల్సి వస్తుంది. నా ఉద్దేశంలో నాచు ఇంధనానికి మిగిలిన సీరియస్‌ దారి ఇదే. అయితే దీంట్లోంచి వచ్చేది బయోడీజిల్‌ కాదు, రిఫైనరీకి వెళ్లే ముడిసరుకు.

ఇక తిండి సంగతి. ఎండు నాచులో సుమారు 7 శాతం నత్రజని. మన లీటరుకు కావలసిన మూడున్నర కిలోల నాచుకు పావు కిలో నత్రజని, అంటే అర కిలో పైచిలుకు యూరియా. యూరియా తయారయ్యేది సహజ వాయువుతో. రామగుండంలోనైనా, ఇంకెక్కడైనా కిలో యూరియాకు 25 మెగాజౌళ్ల ప్రాంతంలో శక్తి పడుతుంది. లీటరుకు 13 మెగాజౌళ్లు ఎరువు కింద పోయినట్టే. భాస్వరం ఇంకా ఇబ్బంది. రాక్‌ ఫాస్ఫేట్‌ను మనం మొరాకో, జోర్డాన్‌ లాంటి దేశాల నుంచి ఓడల్లో తెచ్చుకుంటున్నాం, అది గనిలో తరిగిపోయేదే గానీ గాలిలోంచి పట్టుకునేది కాదు.

దీన్ని దేశానికి పెంచి చూడండి. 2018 జాతీయ జీవ ఇంధన విధానం ప్రకారం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్‌ కలపాలి. ఏటా మనం వాడే డీజిల్‌ 9 కోట్ల టన్నుల దాకా ఉంది. ఆ 5 శాతం మొత్తం నాచుతోనే తీర్చాలంటే సుమారు 27 లక్షల టన్నుల యూరియాకు సరిపడా నత్రజని కావాలి. సీజన్‌లో యూరియా బస్తా కోసం సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టే రాష్ట్రాలకు ఈ అంకె బరువు చెప్పనక్కర్లేదు. అమెరికాలో నేషనల్‌ రీసెర్చ్‌ కౌన్సిల్‌ 2012లో ఇలాంటి లెక్కే వేసింది. వాళ్ల రవాణా ఇంధనంలో 5 శాతం నాచు నుంచి తీయాలంటే, పోషకాలను తిరిగి వాడకపోతే, ఆ దేశం వాడే నత్రజనిలో 44 నుంచి 107 శాతం దాకా కావాలని తేల్చింది. అప్పటికున్న టెక్నాలజీతో ఇది సుస్థిరం కాదని ఆ నివేదిక నిర్మొహమాటంగానే చెప్పింది.

పవర్‌ ప్లాంట్ల పొగను నాచుకు పెట్టొచ్చన్న మాట చాలామందికి నచ్చుతుంది. నిజమే, కిలో నాచు 1.8 కిలోల కార్బన్‌ డయాక్సైడ్‌ను తీసుకుంటుంది. 500 మెగావాట్ల బొగ్గు యూనిట్‌ ఒక్కటి ఏడాదికి 30 లక్షల టన్నులకు పైగా వదులుతుంది. దాన్నంతా పట్టాలంటే 35 వేల హెక్టార్ల చెరువులు కావాలి. అదీ పైపుల్లో వదిలినదంతా కణాల్లోకి పోతేనే, చాలా భాగం బుడగలై పైకి పోతుంది. రాత్రిళ్లు ప్లాంటు నడుస్తుంది, నాచు పనిచేయదు. ఇంతా చేసి ఆ కార్బన్‌ ఎక్కడికి పోతుంది? నూనెలోకి చేరింది లారీ పొగ గొట్టంలోంచి బయటికే వస్తుంది. అది కూడా బొగ్గు కార్బనే, గాలిలో కలవడం కొన్ని వారాలు వాయిదా పడింది, అంతే. ఆ ఆదాను పవర్‌ ప్లాంటు తన ఖాతాలో రాసుకుంటే డీజిల్‌ కంపెనీ రాసుకోకూడదు. ఇద్దరూ రాసుకున్న ప్రాజెక్టు రిపోర్టులు తక్కువేమీ కాదు.

నీళ్ల మాట క్లుప్తంగా చెప్తాను. తెరిచి ఉన్న చెరువు మన ఎండలకు రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకున్నా, మన లీటరు డీజిల్‌కు వెయ్యి లీటర్ల పైన నీళ్లు గాలిలో కలుస్తాయి. సముద్రపు నీళ్లు వాడితే ఇది తప్పుతుందనుకుంటారు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు పెరగకుండా మంచినీళ్లయినా కలపాలి, చెరువు నీళ్లు కొన్ని బయటకు వదిలి కొత్త సముద్రపు నీళ్లయినా తోడాలి. గాజు గొట్టాల్లో పెంచితే ఆవిరి తగ్గుతుంది. అప్పుడు వాటిని చల్లబరచడానికి, నిరంతరం పంపు చేయడానికి కరెంటు పెరుగుతుంది. ఆ గొట్టాల తయారీకి పోయే శక్తి వేరే.

ఇన్ని చిక్కులున్నా, నాచు డీజిల్‌ శిలాజ డీజిల్‌ కన్నా ఎంతో మేలని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి, దానికన్నా ఘోరమని చెప్పేవీ ఉన్నాయి. ఇద్దరూ అబద్ధాలాడటం లేదు. నూనె తీశాక మిగిలే ముప్పాతిక భాగం పిండిని ఏం చేశారన్నదే చాలావరకు ఫలితాన్ని తేలుస్తుంది. దాన్ని బయోగ్యాస్‌ డైజెస్టర్‌లో (గాలి తగలకుండా కుళ్లబెట్టే తొట్టెలో) వేస్తే గ్యాస్‌తో కరెంటు వస్తుంది, నత్రజని, భాస్వరం చెరువులోకి తిరిగి వెళ్తాయి, యూరియా ఖర్చు సగానికి పైగా పడిపోతుంది. లేదా పిండిని దాణాగా అమ్మి, సోయా దాణా పండించే భారం తగ్గింది కాబట్టి ఆ మేరకు ఆదా అని రాసుకోవచ్చు. రెంటిలో ఏదైనా సరే, రెండూ ఒకేసారి రాసుకోకూడదు. దాణాగా అమ్మేసిన పిండిలోని నత్రజని చెరువులోకి తిరిగి రాదు కదా. ఇలాంటి అధ్యయనం ఏది చేతికొచ్చినా నేను మొదట వెతికేది పిండి లెక్క ఉన్న పేజీనే. ఒమేగా-3, బీటా కెరోటిన్‌ లాంటి ఖరీదైన సరుకులు పక్కన అమ్మి డీజిల్‌ను గట్టెక్కిస్తామన్న వాదనా ఉంది. ఒకటి రెండు ఫ్యాక్టరీలకు సాగుతుంది. డీజిల్‌ మార్కెట్‌ సైజులో ఒమేగా-3 తయారుచేస్తే కొనేవాడు దొరకడు.

భీమవరం, కైకలూరు వైపు రొయ్యల రైతులతో ఈ విషయం మాట్లాడితే కాగితం మీద దొరకని సంగతి ఒకటి తెలుస్తుంది. వాళ్లకు చెరువు నీళ్ల రంగే థర్మామీటరు. లేత ఆకుపచ్చ ఉంటే నిశ్చింత, ముదిరితే టెన్షన్‌. సాయంత్రం నిండుగా ఉన్న ప్లాంక్టన్‌, అంటే నీళ్లలో తేలే సూక్ష్మ నాచు, తెల్లారేసరికి పడిపోవచ్చు. అప్పుడు ఆక్సిజన్‌ పడిపోయి, ఏరేటర్లన్నీ ఆన్‌ చేసి పరుగులు తీయాలి. ఇంధనం కోసం పెంచే చెరువుకూ ఇదే గతి. నూనె ఎక్కువున్న ఒకే రకం నాచు వేసినా, గాలిలోంచి, పక్షుల కాళ్లతో వేరే నాచులు వస్తాయి, రోటిఫర్ల లాంటి సూక్ష్మ జీవులు దిగి కొద్ది రోజుల్లోనే చెరువును మేసేస్తాయి. స్పిరులినా సాగు నిలదొక్కుకుందంటే అది క్షారం ఎక్కువగా ఉన్న నీళ్లలో పెరుగుతుంది కాబట్టి, అక్కడికి మిగతావి రాలేవు. కానీ స్పిరులినాలో నూనె తక్కువ. చెరువు చచ్చిన ప్రతిసారీ వేసిన ఎరువు, తిప్పిన కరెంటు మొత్తం నష్టమే. సుస్థిరత లెక్కల్లో ఈ నష్టాన్ని సరిగా వేసినవి తక్కువ.

సూర్యరశ్మి దగ్గరే ఇంకో పోలిక చూడాలి. మంచి రోజుల్లో నాచు ఎండలోని శక్తిలో రెండు శాతం దాచుకుంటే గొప్ప. మన ఉదార లెక్క ప్రకారం ఎకరం చెరువు ఏడాదికి 5,600 లీటర్లు ఇస్తుంది, అందులో శక్తి 51 వేల యూనిట్లకు సమానం. ఇంజిన్‌లో కాల్చాక చక్రాలకు చేరేది 20 వేలే. అదే ఎకరంలో సోలార్‌ ప్యానెళ్లు వేస్తే మూడున్నర లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది, బ్యాటరీ బండిలో అందులో నూటికి ఎనభై చక్రాలదాకా వెళ్తుంది. పద్నాలుగు రెట్ల తేడా ఇది, పెంపకం ఖర్చులు తీసేయకముందే. నీళ్లక్కర్లేదు, యూరియా అక్కర్లేదు. కార్లు, ఆటోలు, సిటీ బస్సుల వరకు నాచు డీజిల్‌ రేసు అయిపోయిందనే నేననుకుంటున్నాను. విమానాలు వేరు, బ్యాటరీతో హైదరాబాద్‌ నుంచి డల్లాస్‌ పోలేం. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027 నుంచి 1 శాతం సుస్థిర ఇంధనం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. నాచుకు చోటు ఉంటే గింటే అక్కడే. అక్కడ కూడా వాడేసిన వంటనూనె, చెరకు ఇథనాల్‌ ముందు వరసలో కూర్చున్నాయి.

మరి నాచు ఎక్కడా పనికిరాదా? మురుగునీటి దగ్గర పనికొస్తుంది. అక్కడ లెక్క తలకిందులవుతుంది. ఎరువు కొనక్కర్లేదు, మురుగులోనే ఉంది. మామూలు శుద్ధి కేంద్రాల్లో గాలి ఊదే బ్లోయర్లే కరెంటు ఎక్కువ తాగుతాయి, నాచు ఆ ఆక్సిజన్‌ను ఎండతో ఉచితంగా ఇస్తుంది. కాలిఫోర్నియాలో ప్రొఫెసర్‌ విలియం ఆస్వాల్డ్‌ 1950ల నుంచే ఇది చెబుతూ వచ్చారు. 2010లో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు వేసిన జీవితచక్ర లెక్కలోనూ (పెంపకం నుంచి మొదలుపెట్టి మొత్తం పర్యావరణ భారం కట్టే లెక్క) మొక్కజొన్న, కనోలా లాంటి పంటల కన్నా నాచు పర్యావరణ భారం చాలా అంశాల్లో ఎక్కువని తేలింది, మురుగునీరు వాడితే ఆ భారం బాగా తగ్గింది. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో కూడా మురుగునీటి మీద నాచు పెంచే పరిశోధన ఏళ్లుగా సాగింది.

అయితే నగరం సైజుకు వచ్చేసరికి మళ్లీ భూమి అడ్డొస్తుంది. మనిషి రోజుకు మురుగులోకి వదిలే నత్రజని 10 గ్రాములనుకుంటే కోటి మందికి 100 టన్నులు. దాన్నంతా నాచుగా మార్చాలంటే 23 వేల ఎకరాల చెరువులు కావాలి, పదిహేను హుస్సేన్‌సాగర్‌లు కలిపినా చాలవు. మూసీ ఒడ్డున ఎకరం ధర తెలిసినవాళ్లు దీని మీద చర్చ కూడా పెట్టరు. పైగా ఉప్పల్‌ దాటాక ఆ మురుగు పోషకాలతోనే ఇప్పటికే పశువుల గడ్డి పెంచి అమ్ముకునే రైతులున్నారు.

చిన్న పట్టణాల్లో అది సాధ్యమే. స్పెయిన్‌లోని చిక్లానా అనే తీర పట్టణంలో ఐరోపా సంఘం నిధులతో ఆల్‌-గ్యాస్‌ అనే ప్రాజెక్టు నడిచింది. ఊరి మురుగుతో నాచు పెంచారు, నీళ్లు శుద్ధయ్యాయి, ఆ నాచు మీద కార్లు నడిపారు. కాకపోతే వాళ్లు అందులోంచి నూనె తీయలేదు. మురుగులో ఏ రకం నాచు పెరుగుతుందో మన చేతిలో ఉండదు, నత్రజని పుష్కలంగా ఉంటుంది కాబట్టి నూనె పట్టదు, ఎండబెట్టే ఖర్చు ఎలాగూ ఉంది. అందుకని తడి ముద్దను నేరుగా డైజెస్టర్‌లో వేసి బయోగ్యాస్‌ తీశారు. ఆ కార్లు నడిచింది మీథేన్‌తో, డీజిల్‌తో కాదు.